అమ్మ ఛాతీలో తెల్లమచ్చ

నేను చీపురుపల్లి దగ్గర ఒక హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. శ్వాసక్రియ పాఠం వచ్చిన ప్రతిసారీ నల్లబల్ల మీద రెండు ఊపిరితిత్తులు గీసి, మధ్యలో వాయునాళం దించి, దాన్ని కొమ్మలు కొమ్మలుగా చీల్చి, చివర్న వాయుగోణుల్ని గుత్తులుగా వేలాడదీస్తాను. బొమ్మ బాగా వేస్తానని నాకు కాస్త గర్వం కూడా. అందుకేనేమో, అమ్మ ఎక్స్‌రే మొదటిసారి చూసినప్పుడు నాకు భయం కంటే ముందు కోపం వచ్చింది. కుడిపక్క పైభాగంలో, అంచులు సరిగ్గా లేకుండా, తెల్లగా ఒక మచ్చ. పిల్లాడెవడో నా బొమ్మ మీద సుద్దముక్కతో రుద్దిపోయినట్టు ఉంది. చేత్తో తుడిచేద్దామనిపించింది.

అమ్మ శ్రీకాకుళం జిల్లా తీరాన మా ఊళ్లో ఉంటుంది. చేపలమ్మి మమ్మల్ని పెంచింది. తెల్లారేసరికి ఒడ్డున వేలంలో చేపలు పాడుకుని, గంప ఎత్తుకుని ఆటో ఎక్కి, లోపలి ఊళ్లన్నీ తిరిగి అమ్ముకుని వచ్చేది. నాన్న నా చిన్నప్పుడే సముద్రంలో పోయాడు. తమ్ముడు మా ఊరి మగాళ్లలో చాలామందిలాగే గుజరాత్ వెళ్లి అక్కడి బోట్ల మీద పనిచేస్తాడు, వేట లేని నెలల్లో ఇంటికొస్తాడు. నేను చదువుకుని టీచర్నయ్యాను. అమ్మ దృష్టిలో మా ఇద్దరిలో పని చేస్తున్నవాడు తమ్ముడే. నేను కుర్చీలో కూర్చుని జీతం తీసుకునేదాన్ని.

ఆ దగ్గు ఎప్పుడు మొదలైందో ఎవరికీ తెలియదు. మా ఊళ్లో దగ్గు ఎవరూ పట్టించుకునే సంగతి కాదు. ఫోన్లో మాటకీ మాటకీ మధ్య దగ్గుతుంటే, ఏంటమ్మా అది అని అడిగేదాన్ని. "సముద్రం గాలికి దగ్గు రాకపోతే ఇంకేటొస్తాది? నీకు ప్రతీదీ పాఠమే," అని కసురుకునేది. చలికాలం ఊరెళ్లినప్పుడు చూస్తే అమ్మ జాకెట్టు భుజాల దగ్గర జారిపోతోంది. నావి బిగుసుకుపోతున్న వయసులో అమ్మవి వదులవడం నాకు నచ్చలేదు. చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కించాను. గంపలో చేపలు పాడైపోతాయని దారంతా తిట్టింది.

టౌన్లో ఆసుపత్రి డాక్టరు చాలా చిన్నవాడు, మా పెద్ద క్లాసు పిల్లాడిలా ఉన్నాడు. ఓపిగ్గా అన్నీ అడిగాడు. సిగరెట్, బీడీ లాంటి అలవాట్లు ఏమైనా ఉన్నాయా అన్నాడు. అమ్మ నొచ్చుకుంది. "ఆడమనిసిని బాబూ, నాకెందుకుంటాయి?" అంది. నేనూ పక్కనే ఉండి తల ఊపాను. అబద్ధం చెప్పామని మా ఇద్దరిలో ఎవరికీ అనిపించలేదు. అతను 'అలవాట్లు లేవు' అని రాసుకుని ఎక్స్‌రేకి పంపాడు. ఆ మచ్చ చూశాక, ముందు టీబీ ఉందో లేదో తేల్చుకుందామని కఫం పరీక్ష చేయించమన్నాడు.

కఫం పరీక్షకి చిన్న ప్లాస్టిక్ డబ్బా ఇచ్చారు. తెల్లారి లేవగానే, గట్టిగా దగ్గి, ఛాతీ లోపల్నుంచి వచ్చినదే అందులో వెయ్యాలి. అమ్మ మర్యాదకి పోయి కాసింత ఉమ్మి వేసి, మూత బిగించి, కొంగున కట్టుకుని పట్టుకెళ్లింది. ల్యాబ్ అతను డబ్బా పైకెత్తి చూసి, ఇది ఉమ్మేనమ్మా, నాకు కఫం కావాలి అన్నాడు. అమ్మకి రోషమొచ్చింది. "ఇది సూడ్డానికేటి నాయనా నువ్వింత సదువు సదివినావు?" అంది. మర్నాడు నిజంగానే కఫం తెచ్చింది. ఆటోలో ఒళ్లో డబ్బా పెట్టుకుని కూర్చుంటే పక్కనున్నామె, "అందులో ఏటి తెస్తన్నావు వదినా, ఊరగాయా?" అని అడిగిందట. "ఊరగాయే. రుసి సూస్తావేటి?" అందట అమ్మ. ఆ సంగతి నాకు చెబుతూ దగ్గు తెర కమ్మేదాకా నవ్వింది.

టీబీ లేదని తేలింది. నేను స్వీట్లు కొన్నాను. ఇప్పుడు తల్చుకుంటే నవ్వొస్తుంది గానీ, ఒక జబ్బు లేదంటే ఏ జబ్బూ లేదనుకోవడం మనిషికి ఎంత తేలికో! నిమ్ము చేసి ఉండొచ్చని డాక్టరు యాంటీబయాటిక్స్ రాశాడు. అవి అయిపోయాక మళ్లీ ఎక్స్‌రే తీస్తే మచ్చ ఉన్నచోటే ఉంది. ఆ అబ్బాయి మొహమాటపడకుండా, ఇది నా చేతిలో తేలేది కాదు మేడమ్, విజయనగరంలో ఊపిరితిత్తుల డాక్టరుకి చూపించండి అన్నాడు.

విజయనగరం డాక్టరుకి జుట్టు నెరిసింది, మాట మెల్లగా ఉంది. ఫిల్మ్ వెలుతురుకి పెట్టి చూశాడు. పాత కాగితాలు చదివాడు. అలవాట్లు లేవన్న చోట ఆగాడు. తర్వాత టార్చిలైటు తీసి, "ఏదీ, నోరు తెరువమ్మా," అన్నాడు. దగ్గు ఛాతీలో ఉంటే ఈయన నోట్లో ఏం వెతుకుతున్నాడా అనుకున్నాను. అంగిట్లోకి చాలాసేపు చూసి లైటు ఆపేసి, "అడ్డచుట్ట ఎన్నాళ్లనుంచీ?" అన్నాడు. అమ్మ చప్పున కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అమ్మ సిగ్గుపడటం అంతకుముందు నేను చూసిన గుర్తు లేదు.

మా వైపు సంగతి తెలియనివాళ్లకి చెప్పాలి. చుట్టని అందరూ వెలిగించిన కొస బయటికి ఉంచి తాగుతారు. మా తీరం ఆడవాళ్లు ఆ నిప్పు కొసని నోట్లోకి పెట్టుకుని పెదాలు మూసి తాగుతారు. దాన్నే అడ్డచుట్ట అంటారు. సముద్రం గాలికి ఆరిపోదు, వానకి తడవదు, నుసి చంకలో బిడ్డ మీద పడదు. రెండు చేతులూ పనికి ఉంటాయి. ఎండుచేపలు తిరగేస్తూనో, వల చిక్కులు తీస్తూనో నోట్లో నిప్పు పెట్టుకుని గంటలు గడిపేస్తారు. మా అమ్మమ్మా అంతే, ఆవిడ అత్తా అంతే. అది మాకు అలవాటు కాదు. పళ్లు తోముకునే అలవాటుందా అని ఎవరైనా అడుగుతారా? పొగ తాగడమంటే కిళ్లీకొట్టు దగ్గర మగాళ్లు నిలబడి చేసేది. బడిలో పొగాకు వద్దని పిల్లల చేత ఊరేగింపు చేయించి, ఆ వారమే ఊరెళ్తూ అమ్మకి చుట్టల కట్ట కొనుక్కెళ్లిన మహానుభావురాలిని నేను. ఆ రెంటికీ సంబంధం ఉందని నా బుర్రకి తట్టలేదు.

డాక్టరు మమ్మల్ని ఏమీ అనలేదు. "సిగ్గెందుకమ్మా? మా నాయనమ్మ నోరూ అచ్చం ఇలాగే ఉండేది. వెతుక్కోవాలని తెలిసింది గనక వెతికాను," అన్నాడు. అంగిట్లో కాలిన మచ్చలున్నాయట, వాటి సంగతి తర్వాత చూద్దామన్నాడు. "పొగ ఇన్నేళ్లు లోపలికి వెళ్లిందని తెలిశాక ఇక మందులిచ్చి ఎదురుచూడను. సీటీ స్కాన్ తీయిద్దాం. చుట్ట ఈరోజుతో ఆపెయ్యాలి." బయటికొచ్చాక అమ్మ, "మా నాయనమ్మ అన్నాడు సూసినావా? మంచోడే," అంది. చుట్ట ఆపమన్న మాట వినపడనట్టు నడిచింది. కానీ ఆ రోజునుంచి మళ్లీ ముట్టుకోలేదు. బుగ్గన లవంగం పెట్టుకుని అందరి మీదా ఎగిరిపడేది.

సీటీ స్కాన్లో చేతులు తలమీదకి ఎత్తి పడుకోబెట్టి, సిరలోకి మందు ఎక్కించి, గుండ్రటి యంత్రంలోకి తోశారు. మందు ఎక్కినప్పుడు ఒళ్లంతా వేడెక్కుతుందని నేను ముందే చెప్పాను. అమ్మని భయపెట్టింది అది కాదు. "లోపల ఎవులో ఒకామె మాటాడతాదే. ఊపిరి పీల్సి బిగబట్టమంటాది. బిగబట్టినాను. మళ్లీ వొదలమని సెప్పడం మర్సిపోతాదేమోనని పేనం పోనాది," అంది. అది రికార్డు చేసిన గొంతమ్మా అన్నాను. "ఐతే మరీ బయం. దానికి నా ఊపిరేటి తెలుస్తాది?" అంది.

స్కాన్లో మచ్చ మచ్చ కాదు, గడ్డ అని తేలింది. ఉసిరికాయంత. అంచులు ముళ్లుముళ్లుగా ఉన్నాయి. డాక్టరు నాకు కంప్యూటర్లో పొరలు పొరలుగా చూపించాడు. ఆ రోజు అమ్మ ఊరెళ్లిపోయింది, నేనొక్కదాన్నే వెళ్లాను. "దీని వాలకం నాకు నచ్చలేదు," అన్నాడాయన. "కానీ ఫొటో చూసి అనుమానపడగలను తప్ప తేల్చలేను. టీబీ గడ్డలు కూడా ఒక్కోసారి ఇలాగే కనిపిస్తాయి, కఫంలో దొరకవు. స్కాన్లో చూసుకుంటూ బయట్నుంచి సూదితో చిన్న ముక్క తియ్యాలి. అది కనపడితేనే పేరు తెలుస్తుంది. పేరు తెలిస్తేనే మందు." నల్లబల్ల మీద నేను గీసే ఊపిరితిత్తులు గాలి తప్ప ఇంకేదీ ఎరగవు. ఇంటికి రైల్లో వస్తూ కిటికీ వైపు తిరిగి ఏడ్చాను.

ఆ వారమే తమ్ముడు గుజరాత్ నుంచి దిగాడు. నేను ఊరెళ్లి సంగతి చెప్పి, సూది మాట ఎత్తగానే ససేమిరా అన్నాడు. మా వైపు ఇదొక పెద్ద నమ్మకం: గడ్డని కదపకూడదు. కదపనంతకాలం అది పడుకుని ఉంటుంది, ఇనుము తగిలిందా ఒళ్లంతా పాకుతుంది. "మా బోటోడి మావకి ఇలగే సూదెట్టినారే అక్కా. బాగున్నవాడు, పరీచ్చకని ఎల్లి మంచమెక్కేసినాడు. నువ్వు పుస్తకాల్లో సదివినావు, నాను కళ్లతో సూసినాను," అన్నాడు. ఆ మావకి అప్పటికే పాకి ఉండబట్టే సూది పెట్టారని, సూది పెట్టడం వల్ల పాకలేదని నేను. పరీక్షకి వెళ్లేసరికే ఆలస్యమైపోయేవాళ్లు మా ఊళ్లో ఎక్కువ. అందుకే పరీక్షే చంపిందనిపిస్తుంది. డాక్టరుకి ఫోన్ చేసి అడిగాను. సూదివల్ల పాకడం చాలా అరుదమ్మా, సూది పెట్టకపోతే గడ్డ పెరగడం మానేస్తుందా చెప్పండి అన్నాడు. ఆ మాట తమ్ముడికి చెప్పాను. "ఆయనకేటి, ఆయనమ్మా?" అన్నాడు. ఆ తర్వాత ఇరుగుపొరుగు దిగారు. ఒక్కొక్కరి దగ్గరా సూదికి పోయిన మనిషి ఒకరున్నారు. అందరికీ టీ పెట్టి ఇచ్చి మనసులో తిట్టుకున్నాను.

ఈ గొడవంతా జరుగుతుంటే అమ్మ వీధరుగు మీద కత్తిపీట వేసుకుని చేపలు బాగుచేస్తూ కూర్చుంది. ఇంక ఉండబట్టలేక వెళ్లి ఎదురుగా చతికిలబడ్డాను. "నువ్వు చేప కొనేటప్పుడు మొప్ప ఎత్తి చూడకుండా కొంటావా? లోపల చూడకుండా మంచిదో చెడ్డదో ఎలా తెలుస్తుంది?" అన్నాను. పిల్లలకి ఉదాహరణ చెప్పిన గర్వంతో చూశాను. అమ్మ తలెత్తలేదు. "మొప్పెత్తి సూసేది సచ్చిన సేపకే. బతికున్నదానికి ఎత్తితే ఎగిరి గంతేస్తాది," అంది. నా ఉదాహరణ అక్కడితో అయిపోయింది.

చేపలన్నీ కోసి, చేతులు కడుక్కుని, నన్నూ తమ్ముణ్నీ లోపలికి పిలిచింది. "సూది ఏయించుకుంటాను," అంది. తమ్ముడు నోరు తెరవబోయాడు. "ఒల్లకుండొరే. ఏయించుకుంటాను గానీ ఒక మాట. ఏటొచ్చినా ముందు నాకు సెప్పాల. మీరిద్దరూ తెలుసుకుని, ఊరంతా తెలుసుకుని, ఆకర్న నాకు సెప్తే నానొప్పుకోను."

తర్వాత, మేము ఎప్పుడూ అడగని సంగతి చెప్పింది. నాన్న పోయిన రోజుది. బోటు అలకి బోల్తాపడింది. ఈదుకొచ్చినవాళ్లు ఒడ్డున చెప్పారు. మా ఊళ్లో పద్ధతేమిటంటే, మనిషి దొరికేదాకా పెళ్లానికి చెప్పరు. ఆడవాళ్లు ఒక్కొక్కరే ఇంటికొచ్చి, చెప్పకుండా, ఏవో కబుర్లాడుతూ కూర్చుంటారు. ఆవిడ ఒంటరిగా ఉండకూడదని. నాకా రోజు లీలగా గుర్తు. ఇంటినిండా మనుషులున్నారని, నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుంటున్నారని సంబరపడ్డాను. "నాకేటి తెలుసు? కబుర్లకొచ్చినారనుకున్నాను. మీ నాన్న వొచ్చే యేలయినాదని కూర వొండుతన్నాను. రుసి సూడవే అని ఒకామె సేతిలో యేసినాను. ఆమె నోట్లో ఎట్టుకుని బోరుమన్నాది. అప్పుడు తెలిసినాది నాకు. ఊరికంతటికీ తెలిసినాక." అమ్మ గొంతు మామూలుగానే ఉంది. "వాళ్లది మంచి మనసే. కానీ పోనోడు నా మొగుడు. నాకంటే ముందు వాళ్లకెందుకు తెలవాల?" అంది. ముందు నీకే చెబుతానని నేను ఒట్టేశాను. తమ్ముడు నేలచూపులు చూశాడు.

సూది పెట్టే ముందు రక్తం సరిగ్గా గడ్డకడుతోందో లేదో చూశారు. మళ్లీ స్కాన్ బల్ల మీద పడుకోబెట్టి, చర్మం మీద గుర్తు పెట్టి, మొద్దుబారడానికి మందిచ్చి, కదలొద్దు, దగ్గొద్దు అన్నారు. దగ్గొద్దనడమే పెద్ద శిక్ష. నేను బయట నిలబడి, లోపల్నుంచి దగ్గు వినపడకూడదని అందరు దేవుళ్లకీ మొక్కాను. కాసేపటికి నర్సు ఒక చిన్న సీసా తెచ్చి నా చేతికిచ్చింది, ల్యాబ్‌లో ఇవ్వమని. మందునీళ్లలో తెల్లటి పోగు. సేమియా ముక్కంత కూడా లేదు. అమ్మ బతుకంతా ఇంతలోకి వచ్చేసిందా అనిపించి రెండు చేతులతో పట్టుకుని నడిచాను. ఊపిరితిత్తిలోంచి గాలి బయటికి లీకవలేదని నిర్ధారించుకోవడానికి ఇంకో ఎక్స్‌రే తీశారు. "నొప్పేసిందా?" అన్నాను. "జెల్లసేప ముల్లు గుచ్చుకున్నంత కూడా నేదు. దీనికే ఊరంతా అంత గోల సేసినారు," అంది.

రిపోర్టు వచ్చేలోగా విశాఖపట్నం తీసుకెళ్లి పెట్ స్కాన్ కూడా తీయించమన్నారు. చక్కెర లాంటి మందు ఎక్కిస్తారు, జబ్బున్న చోటల్లా అది ఎక్కువగా చేరి వెలుగుతుంది. మందెక్కాక గదిలో ఒంటరిగా ఉంచారు. ఆ పూట చిన్నపిల్లల దగ్గరికీ, కడుపుతో ఉన్నవాళ్ల దగ్గరికీ వెళ్లొద్దన్నారు. తిరిగొచ్చేటప్పుడు రైల్లో ఎదురు సీట్లో పసిపిల్ల అమ్మ వైపు చేతులు చాస్తే, అమ్మ చప్పున లేచి వెళ్లి తలుపు దగ్గర నిలబడింది. ఎప్పుడూ ఏ పిల్ల కనపడినా చంకనేసుకునే మనిషి. ఆ రోజుల్లో నేను చూసినవాటిలో నా గుండెని ఎక్కువగా పిండింది అదే.

అమ్మని మా ఇంట్లోనే ఉంచుకున్నాను. నేను బడికి వెళ్లి, శ్వాసక్రియ పాఠం తప్పించుకోడానికి మొక్కల పాఠం ముందుకి జరిపాను. అమ్మ బజారుకెళ్లి చేపలామెతో తగువు పెట్టుకుని వచ్చేది. తమ్ముడు రోజూ సాయంత్రం ఫోన్ చేసి, వచ్చిందా అనేవాడు. వచ్చిందా అంటే ఏదో చుట్టం గురించి అడిగినట్టు ఉండేది.

రమ్మని కబురొచ్చిన రోజు తమ్ముడు కూడా విజయనగరం వచ్చాడు. బయట బల్ల మీద ముగ్గురం కూర్చున్నాం. పేరు పిలిచారు. అమ్మ లేవబోయింది. తమ్ముడు భుజం మీద చెయ్యేసి, "నువ్వు కూకో అమ్మా, కాయితం తీసుకుని వొచ్చేస్తాం," అన్నాడు. అమ్మ నా వైపు చూసింది. నేను ఆ క్షణాన, 'లేదు, అమ్మే రావాలి' అనాలి. అనలేదు. నాకు భయమేసింది. ముందు నేనే వినాలనిపించింది, విని దాన్ని కాస్త మెత్తబరిచి చెబుదామనిపించింది. తమ్ముడి వెనకే లోపలికి వెళ్లాను.

డాక్టరు తలుపు వైపు చూసి, ఆవిడేదీ అన్నాడు. బయట కూర్చున్నారన్నాం. ఆయన కుర్చీలు చూపించి చెప్పాడు. క్యాన్సరే. గడ్డ పక్కన, ఛాతీ మధ్యలో ఉన్న గ్రంథులకి కూడా చేరింది. ఆపరేషన్ చేసే దశ దాటింది. వైద్యం ఉంది, అదే ముక్క మీద ఇంకో పరీక్షకి పంపాం, అది వస్తే ఏ మందు పనిచేస్తుందో తెలుస్తుంది అన్నాడు. నాకు ప్రతి మాటా అర్థమైంది. అర్థం కాకుండా ఉంటే బాగుండేది. తమ్ముడు రెండు చేతులూ జోడించాడు. "మా అమ్మకి సెప్పొద్దు బాబూ. నిమ్మని సెప్పండి. బెంగెట్టుకుని పోతాది," అన్నాడు. అంత పొడుగు మనిషి, అలలకి బెదరనివాడు, వెక్కివెక్కి ఏడ్చాడు. డాక్టరు మంచినీళ్ల గ్లాసు ముందుకి జరిపాడు. "నేనుగా పిలిచి చెప్పను. ఆవిడ వచ్చి అడిగితే మాత్రం అబద్ధం చెప్పను," అని నా వైపు చూశాడు.

బయటికి రాకముందే తమ్ముడు నా మణికట్టు పట్టుకున్నాడు. "అక్కా, దండం ఎడతాను. ఒట్టు మాట వొదిలీ. పేనం కంటే ఒట్టు ఎక్కువేటి?" అన్నాడు. వాడి మీద నాకు కోపం రాలేదు. వాడు చెప్పేది నాకూ కావాలనిపించింది. ఇంకొన్నాళ్లు అమ్మ బజార్లో తగువు పెట్టుకుని రావాలి, కఫం డబ్బా కథ చెప్పి నవ్వాలి. చెప్పకపోతే అదంతా అలాగే ఉంటుందేమోనని ఆశ. తలుపు తీసేసరికి అమ్మ మా ఇద్దరి మొహాలకేసి చూస్తోంది. చేతులు ఒళ్లో పెట్టుకుని, ఎదురుచూస్తోంది. తమ్ముడి వేళ్లు విడిపించుకుని వెళ్లి పక్కన కూర్చున్నాను.

"క్యాన్సరేనమ్మా," అన్నాను. మెత్తబరచడం నాకు చేతకాలేదు.

అమ్మ ఎదురుగా గోడకేసి చూసింది. గోడ మీద ఎవరో పిల్ల నవ్వుతున్న పోస్టరుంది. "తమ్ముడికి తెలుసా?" అంది.

"తెలుసు."

"నాకంటే ముందేనా?"

"కాసింత ముందు," అన్నాను.

"పోన్లే," అంది. నా తల మీద చెయ్యి పెట్టి, తీసేసింది. "ఎన్నాళ్లంటాడు?"

"అడగలేదమ్మా."

"ఎందుకడగనేదు?"

"భయమేసింది."

"నీకెందుకే బయం? గడ్డ నాది గదా," అంది. లేచి, కొంగు సర్దుకుని, చెప్పులు తలుపు పక్కన విడిచింది. తమ్ముడు గబగబా వెనకాల వెళ్లబోయాడు. అమ్మ వెనక్కి తిరిగి, "నువ్వు కూకో," అంది. లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

మేమిద్దరం బల్ల మీద పక్కపక్కన కూర్చున్నాం. లోపల అమ్మ గొంతు, డాక్టరు గొంతు, మళ్లీ అమ్మ గొంతు. మాటలు తెలియలేదు. ఒకసారి దగ్గింది. ఒకసారి ఆయన నవ్వినట్టనిపించింది. తమ్ముడు లేచి తలుపు దాకా వెళ్లి, చెయ్యి వెయ్యడానికి ధైర్యం చాలక వెనక్కి వచ్చాడు. తర్వాతి రోగిని పిలవాల్సిన నర్సు కూడా తలుపు కొట్టకుండా ఊరుకుంది.

అమ్మ బయటికొచ్చింది. కళ్లు తడిగా ఉన్నాయో లేదో, మొహం తుడుచుకోవడంలో తెలియలేదు. తమ్ముడు ఎదురెళ్లి, "ఏటన్నాడమ్మా?" అన్నాడు.

"నాకు సెప్పినాడు," అంది. చెప్పులు తొడుక్కుంది. "ఆకలేస్తన్నాది. లెగండి, ఏటైనా తిందాం."

మందులు నడుస్తున్నాయి. వెళ్లిన ప్రతిసారీ అమ్మ ఒక్కతే లోపలికి వెళ్తుంది, మేము బయట కూర్చుంటాం. ఎన్నిసార్లు అడిగినా, బతిమాలినా, తమ్ముడు అలిగి అన్నం మానేసినా, ఆయన ఎన్నాళ్లన్నాడో చెప్పలేదు. చుట్టాలు అమ్మకి వినపడకుండా నాకు ఫోన్ చేసి, మీ అమ్మ పరిస్థితి ఎలా ఉంది, డాక్టరు ఏమన్నాడు అని గొంతు తగ్గించి అడుగుతారు. నాకు తెలియదంటాను. దాస్తున్నాననుకుంటారు. నిజంగానే నాకు తెలియదు.